తిరుపతమ్మ ఎవరినీ పిలవదు

మా అరుగు మీద కూర్చుంటే ఎదురుగా బడి గేటు కనిపిస్తుంది. రేపల్లె ఊరి చివర, డ్రెయిను కట్టకి ఇవతల ఉన్న మున్సిపల్ బడి అది. ఎనిమిదో తరగతి వరకే ఉంటుంది. నేను చదివిన అయిదు తరగతులూ అక్కడే చదివాను. ఇప్పుడు అరవై ఆరేళ్లు వచ్చాక కూడా పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆ గేటు వంకే చూస్తూ కూర్చుంటాను. ఏ పిల్ల ఆలస్యంగా వచ్చింది, ఏ టీచరు కొత్త చీర కట్టింది, కూరలో ఇవాళ గుడ్డు ఉందా లేదా, అన్నీ నాకు తెలియాలి. తెలియకపోతే అన్నం సహించదు.

అలా చూస్తూ చూస్తూ లక్ష్మీతిరుపతమ్మలో ఒక వింత కనిపెట్టాను. ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆవిడే. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. యాభై ఎనిమిదేళ్లు. పొద్దున ఎనిమిదింటికల్లా రాగిజావ కాచేస్తుంది, పన్నెండింటికి అన్నం, పప్పు సిద్ధం చేస్తుంది. పిల్లలు ఎంత గోల చేసినా విసుక్కోదు. దగ్గరికి వెళ్తే చక్కగా మాట్లాడుతుంది, నవ్వుతుంది. కానీ వంటకి చేరిన ఈ ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ దూరంగా ఉన్న మనిషిని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. అన్నానికి పిల్లల్ని రమ్మనాలంటే గరిటెతో పళ్లెం మీద కొడుతుంది. మనవరాలు హాసిని ఆవరణ అవతలి కొసన ఉంటే, పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నా సరే, అంత దూరం నడిచి వెళ్లి భుజం తట్టి తీసుకొస్తుంది.

ఒకరోజు బియ్యం బస్తాల గదిలో మేక దూరింది. హాసిని ఆ తలుపు పక్కనే ఉంది. ఒక్క కేక వేస్తే పిల్ల తోలేస్తుంది. ఈవిడ మాత్రం చెప్పులు కూడా వదిలేసి ఎండలో పరుగెత్తింది.

అరుగు దిగి వెళ్లి అడిగేశాను.

"ఏంటే తిరుపతమ్మా, నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా?"

"రాలితే నీకే ఇస్తాలే అక్కా, ఏరుకుందువుగాని," అని నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి మేక వెళ్లిన వైపు చూస్తూ, "నా గొంతు నా ఒక్కదానిదే కాదక్కా," అంది.

అంతకు మించి ఒక్క మాట రాబట్టలేకపోయాను. మూడు రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు.

బడి వెనక నలభై ఇళ్ల కాలనీ ఉంది. వాళ్లంతా సముద్రం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. వేట, పడవ పని, చేపల వ్యాపారం వాళ్ల బతుకు. ఊరికీ సముద్రానికీ మధ్య ఉప్పు నేల, బురద, మడచెట్లు ఉంటాయే, దాన్ని పర్ర అంటారు. ఒకప్పుడు వీళ్ల గుడిసెలు ఆ పర్ర మీదే ఉండేవి. ఇరవై రెండేళ్ల కిందట అన్నీ పీక్కుని ఇక్కడికి వచ్చేశారు. ఎందుకు వచ్చారో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పేవాళ్లు. అసలు కారణం కిందటేడు జూన్‌లో బయటపడింది.

ఆ జూన్‌లో తెనాలి నుంచి కొత్త లెక్కల టీచరు వచ్చింది. జయలక్ష్మి అని, ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. రోజూ పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో వెళ్తుంది. ఆవిడ చేరిన రోజు హెడ్మాస్టరు రాఘవయ్య గారు ఏదో ట్రైనింగుకి వెళ్లారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి ఈ అమ్మాయి హాజరు తీసుకుంది. ముప్ఫై ఒక్క మంది, అందరూ కాలనీ పిల్లలే. ఒక్కో పేరూ పిలిచింది. ఎవరూ పలకలేదు. పిల్లలు కళ్లప్పగించి ఆవిడ వంకే చూస్తున్నారు, పెదవులు మాత్రం కదపడం లేదు.

కొత్త టీచరు కదా, ఆట పట్టిస్తున్నారని ఆవిడ అనుకుంది. "పలకనివాళ్లంతా రానట్టే," అని ఫోన్లో ముప్ఫై ఒక్కరికీ ఆబ్సెంట్ వేసింది. ఆ మీట నొక్కితే తల్లుల ఫోన్లకి, మీ బిడ్డ ఈరోజు పాఠశాలకు హాజరు కాలేదు, అని మెసేజీ వెళ్తుందట.

నేను అరుగు మీద చిక్కుళ్లు తుంచుతున్నాను. కాలనీలోంచి ఆడవాళ్లు పరుగెత్తుకొస్తున్నారు. చేపలు కోసే నాగవేణి చేతుల నిండా పొలుసులే, కత్తి కూడా కింద పెట్టలేదు. బడి కోసమే వస్తున్నారనుకున్నాను. గేటు ముందు నుంచే వెళ్లారు, లోపలికి ఒక్కరూ తొంగి చూడలేదు. తిన్నగా డ్రెయిను కట్ట వైపు పరుగు. లోపల పిల్లలు పన్నెండో ఎక్కం గట్టిగా చదువుతున్నారు. వీధి అంతా వినిపిస్తోంది. వాళ్ల చెవులకి అది ఎక్కనే లేదు.

"నాగవేణీ! ఎక్కడికే ఆ కత్తితో?"

"పిల్లలు బళ్లో లేరంట అక్కా! ఎవరో పిలిసుంటారు! నీళ్ల కాడికి పిలిసుంటారు!"

"లోపల చదువుతున్నారు కదే, వినపడట్లా?"

ఆగలేదు. కట్ట మీద నిలబడి వాళ్లు పిల్లల్ని పిలవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరు మూడుసార్లు. తొందర లేకుండా, ఒక్కో పిలుపుకీ మధ్య గుక్క తిప్పుకుంటూ. ఎండలో, అంత పొద్దున, అన్ని గొంతులు వరసగా అలా పిలుస్తుంటే నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

లేచి బడిలోకి వెళ్లాను. గదిలో ఎక్కం ఆగిపోయింది. పిల్లలు తలలు వంచి వింటున్నారు. మూడోసారి ఎవరి పేరు వినిపిస్తే ఆ పిల్ల లేచి, "ఆఁ," అని పలికి, పుస్తకం మూసి బయటికి నడుస్తోంది. పరుగు లేదు, నవ్వు లేదు. ఒకరి తర్వాత ఒకరు. జయలక్ష్మి టీచరు నల్లబల్లకి వీపు ఆనించి చూస్తోంది. చాక్‌పీసు ఆవిడ వేళ్లలో పిండి అయిపోయింది. ఆఖరికి గదిలో మిగిలింది హాసిని ఒక్కతే. దాన్ని ఎవరూ పిలవలేదు. వంటశాల నుంచి తిరుపతమ్మ నడిచి వచ్చి, దాని భుజం మీద చెయ్యి వేసి, అలాగే నిలబడింది.

"ఏంటండి ఇది? ఏంటిది పిన్నిగారూ?" అంది టీచరు నాతో.

నాకు తెలిస్తే కదా చెప్పడానికి. అయినా ఆ రోజు వదిలిపెట్టదలచుకోలేదు. మధ్యాహ్నం గుండిగలు తోముతుండగా టీచర్ని వెంటబెట్టుకుని వంటశాలకి వెళ్లి, పీట లాక్కుని కూర్చున్నాను.

"చెప్పు. చెప్పేదాకా లేవను. సాయంత్రం టిఫిన్ కూడా ఇక్కడే తింటాను."

తిరుపతమ్మ కొంతసేపు బూడిదతో గిన్నె రుద్దుతూనే ఉంది. తర్వాత మా ఇద్దరి వంకా చూడకుండా చెప్పింది.

"ఒక్క పిలుపుకి పలక్కూడదని మావోళ్లలో ముందు నుంచీ ఉందండి మేడం. పర్రలో మనుషులే కాదు తిరిగేది. అయ్యి ఒక్కసారే పిలుస్తాయి. మహా అయితే రెండు. మూడోసారి పిలిచే ఊపిరి ఉండదంట వాటికి. అందుకే మూడోదానికే పలుకుతారు. నా కూతురికీ చెప్పా. బిందుమాధవి దాని పేరు. ఈ హాసినికి మేనత్త. పదేళ్లది. మిట్టమద్దేనం నేను గుడిసెలో ఎండుచేపలు తిరగేస్తన్నా. అది బయట ఆడుకుంటంది. ఉన్నట్టుండి, 'ఆఁ, వస్తన్నానమ్మా,' అంది. నేను పిలవలా. బయటికొచ్చి చూసేతలికి మడచెట్లల్లోకి ఎల్లిపోతంది. బురదలో అడుగులున్నాయి. కొంచెం దూరం దాకా ఉన్నాయి. తర్వాత లేవు."

"ఎవరు పిలిచారు?" అంది టీచరు, గొంతు తగ్గించి.

"నాకు వినపళ్లేదండి. పక్క గుడిసెలోళ్లు విన్నారు. అందరిదీ ఒకటే మాట. నీ గొంతే తిరుపతమ్మా, నువ్వే పిలిచావు, ఒక్కసారే పిలిచావు, అని."

గిన్నె బోర్లించి లేచింది. "ఆ నెల్లోనే అందరం పర్ర ఒదిలి ఇక్కడికొచ్చేశాం. అప్పట్నుంచి నేను పిలవడం మానేశా. నేను పిలవకపోతే, నా గొంతు వినపడితే అది నేను కాదని పిల్లలకి తెలుస్తదిగా."

తర్వాత రాఘవయ్య గారు వచ్చి అసలు సంగతి చెప్పారు. ఆయన తొమ్మిదేళ్లుగా పేర్లు పిలవకుండా తలలు చూసి హాజరు వేస్తున్నారట. కొత్తావిడకి చెప్పడం మరిచిపోయారు. జయలక్ష్మి మొండిది, పేర్లు పిలవాల్సిందే అంది. రోజూ మూడేసి సార్లు పిలిచేది. ముప్ఫై ఒక్క మందికీ మూడేసి సార్లు. హాజరుకే అరగంట పట్టేది. రైలు దిగి వచ్చేసరికే అలసిపోయేది, హాజరు అయ్యేసరికి గొంతు బొంగురుపోయేది. "మీ బడిలో లెక్కలు చెప్పడానికి కాదండి, కేకలేయడానికి వచ్చాను," అని నా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగేది.

ఆ లెక్కల్లోనే హాసిని సంగతి బయటపడింది. నోటి లెక్కల్లో ఆ పిల్లకి సాటి లేదు. అరవై ఎనిమిదిని డెబ్బై రెండుతో హెచ్చించమంటే, నేను వేళ్లు విప్పేలోపే నాలుగు వేల ఎనిమిది వందల తొంభై ఆరు అనేస్తుంది. ఎలా చెప్పావే అంటే, "డెబ్బైని డెబ్బైతో చేసి నాలుగు తీసేశా మామ్మా," అంటుంది, అదేదో నాకు అర్థమైనట్టు.

ఎనిమిదితో ఆ బడి చదువు అయిపోతుంది. దాని నాన్న శివకృష్ణ హార్బర్లో బోటు మీద పని చేస్తాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు. తల్లి నాగజ్యోతి వేటపాలెంలో జీడిపప్పు వలిచే పనిలో ఉంది, అక్కడే అక్క ఇంట్లో ఉంటుంది. ఎనిమిది అవ్వగానే పిల్లని తల్లి దగ్గరికి పంపి అదే పనిలో పెట్టాలని శివకృష్ణ తేల్చేశాడు. వేటపాలెం వెళ్తే ఇంక చదువు లేదు.

అప్పుడు జయలక్ష్మి ఒక కాగితం పట్టుకొచ్చింది. ఎవరో దాతలు పెట్టిన నోటి లెక్కల పోటీ. తెనాలిలో ఒక మెట్టు, బాపట్లలో ఆఖరి మెట్టు. బాపట్లలో మొదటి ముగ్గురికి అక్కడి హాస్టల్ బడిలో తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఉచితంగా సీటు. శివకృష్ణని ఫోన్లో అడిగితే, "సీటొస్తే నేనెందుకు కాదంటా. రాకపోతే మాత్రం నా మాటే," అన్నాడు.

తెనాలిలో పిల్ల నెగ్గింది కాని, ఎలా నెగ్గిందో విని నేను గుండె పట్టుకున్నాను. మైకులో పేరు పిలిచారట. పలకలేదు. మళ్లీ పిలిచారట. పలకలేదు. కాగితం మీద కొట్టేయబోతుంటే జయలక్ష్మి ఈ పిల్లని లాక్కుని వేదిక మీదకి తోసిందట. "బాపట్లలో టీచర్లని లోపలికి రానివ్వరండి. ఇంటి పెద్దవాళ్లు వెనక బెంచీల మీద కూర్చోవచ్చు, కదలకూడదు. ఒక్క పిలుపుకే పలకాలి. పలక్కపోతే రెండోసారి పిలవరు, పేరు కొట్టేస్తారు," అంది తిరుపతమ్మతో.

"ఒక్క పిలుపుకి పలకమని నా నోటితో నేను చెప్పనండి."

"మైకులో పిలిచేది సార్ అండి. మనిషి. కనిపిస్తూనే ఉంటాడు."

"మీకు కనిపిస్తాడు మేడం."

"సరే, అయితే జీడిగింజలు వలుచుకుంటూ కూర్చోమనండి."

ఆ మాట అన్నందుకు టీచరే ఏడుపు మొహం పెట్టింది. తిరుపతమ్మ, "మీరు నేర్పుకోండి. నేను అడ్డం రాను," అని వెళ్లి పొయ్యిలో కట్టెలు సర్దింది.

వారం రోజులు నేర్పాం. నేర్పాం అంటున్నాను ఎందుకంటే నేనూ ఉన్నాను అందులో. టీచరు వరండాలో ఒక మూల నుంచి, నేను అరుగు మీద నుంచి, ఎప్పుడుపడితే అప్పుడు, "హాసినీ!" అని పిలవడం, అది వెంటనే, "ప్రెజెంట్!" అనడం. మొదటి రెండు రోజులు దాని గొంతు లేవలేదు. పలకబోయి నోరు మూసుకునేది, మెడ మీద చెమటలు. మూడో రోజు పలికింది. అయిదో రోజుకి దానికి ఆటైపోయింది. నేను సగం పేరు అనేసరికే పలికేది. నాకూ సరదాగా ఉండేది, నిజం చెప్పొద్దూ. రోజుకి పాతిక సార్లు పిలిచి ఉంటాను.

ఆరో రోజు మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటున్నారు. జయలక్ష్మి గదిలో కాగితాలు దిద్దుకుంటోంది. నేను గేటు దగ్గర ఉన్నాను. ఎవరం పిలవలేదు. హాసిని చేతిలో ముద్ద పట్టుకునే తలెత్తి, డ్రెయిను కట్ట వైపు చూసి, "ప్రెజెంట్!" అంది.

పిల్లలు నవ్వారు. తిరుపతమ్మ గరిటె జారి గుండిగలో పడింది.

"ఎవరు పిలిచారే?" అన్నాను.

"నువ్వు కాదా మామ్మా?"

"నేను కాదు."

"ఎవరో పిలిచారు," అని అది మళ్లీ అన్నం తినసాగింది. ఆ సాయంత్రం తిరుపతమ్మ మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది. "నేనూ బాపట్ల వస్తన్నానక్కా. నువ్వు కూడా రా. నాకు భయంగా ఉంది," అంది. ఆవిడ పిలవకపోయినా నేను వెళ్లేదాన్నే, అది వేరే సంగతి.

బాపట్లలో పోటీ ఒక పాత కాలేజీ హాల్లో. పొడుగాటి గది, ఎత్తు కిటికీలు, వెనక తలుపు తీస్తే పెద్ద మైదానం, దాని అవతల గోడ వారగా సరుగుడు చెట్లు. జనవరి నెల. అరవై మంది పిల్లలు ముందు వరసల్లో కూర్చున్నారు. వెనక బెంచీ మీద నేను, నా పక్కనే తిరుపతమ్మ. జయలక్ష్మి బయట గేటు దగ్గరే ఆగిపోయింది. కళ్లజోడు సార్ ఒకాయన మైకులో ఒక్కొక్కరి పేరు పిలిచి లెక్కలు అడుగుతున్నాడు. ఇద్దరి పేర్లు నా కళ్ల ముందే కొట్టేశారు. ఒకడు నిద్రపోయాడు, ఒకర్తె బాత్రూముకి వెళ్లింది. కనికరం లేదు.

పదకొండున్నర అయి ఉంటుంది. ముప్ఫై మంది అయ్యారు. సార్ మైకు పక్కన పెట్టి సీసా ఎత్తి నీళ్లు తాగుతున్నాడు. గదిలో చిన్న చప్పుడు కూడా లేదు. ఫ్యాన్లు ఆగి ఉన్నాయి, చలికాలం కదా.

"హాసినీ."

వెనక తలుపు వైపు నుంచి వచ్చింది. ఒక్కసారే. అది తిరుపతమ్మ గొంతు. ఆరేళ్లుగా వింటున్న గొంతు, నేను పొరబడను. తిరిగి చూశాను. తిరుపతమ్మ నా పక్కనే ఉంది. పైట చెంగు నోట్లో కుక్కుకుని, పళ్లు బిగించి ఉంది.

ముందు వరసలో హాసిని సగం లేచింది. తల వెనక్కి తిప్పింది. నోరు తెరిచింది. వారం రోజులు మేం నేర్పిన నోరు అది, ఆగుతుందా?

దాని నోట్లోంచి మాట రాకముందే నా పక్కన తిరుపతమ్మ చెంగు ఊడదీసి లేచి నిలబడింది.

"ఆఁ! వస్తన్నా!" అంది. గట్టిగా, గదంతా మోగేలా. అని, మనవరాలి వంక చూడకుండా, వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

"కూర్చోండమ్మా, ఎవరక్కడ?" అని సార్ కసిరాడు. హాసిని కూలబడినట్టు కూర్చుంది. నేను దాని దగ్గర ఉండాలా, తిరుపతమ్మ వెనక వెళ్లాలా? నా సంగతి మీకు చెప్పాను కదా. వెళ్లాను.

మైదానంలో ఒక్క మనిషి లేడు. ఎండ తెల్లగా ఉంది. తిరుపతమ్మ అంత దూరాన గోడ వార సరుగుడు చెట్ల కింద నిలబడి ఉంది, నాకు వీపు పెట్టి. గాలి లేదు, అయినా ఆ ఒక్క చోట సరుగుడు ఆకు కదులుతోంది. ఆవిడ ఎవరితోనో మాట్లాడుతోంది. మధ్యలో ఆగుతోంది, తల ఊపుతోంది, మళ్లీ మాట్లాడుతోంది. మాటలు నాకు అందలేదు. ఒకసారి చెయ్యి ఎత్తింది. ఎదురుగా ఉన్న మనిషి తల నిమురుతున్నట్టు, తన తల ఎత్తున గాలిలో నిమిరింది. నేను ఇంక ఒక్క అడుగు ముందుకు వేయలేకపోయాను. అన్నీ చూడాలనుకునే మనిషిని, అక్కడ మాత్రం కళ్లు దించేసుకున్నాను.

అప్పుడే లోపల మైకు పలికింది. "హాసిని, రేపల్లె." ఒక్కసారే. వెంటనే, "ప్రెజెంట్ సార్!" అని మా పిల్ల గొంతు.

తిరుపతమ్మ వెనక్కి వచ్చింది. మామూలుగానే నడుస్తోంది. దగ్గరికి వచ్చాక చూశాను, కాళ్లకి చీలమండల దాకా నల్లటి బురద. పర్ర బురద, ఆ ఉప్పు వాసన నాకు తెలుసు. ఆ మైదానంలో చుక్క నీరు లేదు, నేల పగిలి దుమ్ము లేస్తోంది.

"ఏంటే ఇది? ఎవరే అక్కడ?" అన్నాను.

నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ఏమీ వినపడలేదు. గుసగుస కూడా రాలేదు. ఆవిడే కొంచెం ఆశ్చర్యంగా గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత పంపు దగ్గరికి వెళ్లి కాళ్లు కడుక్కుంది.

హాసినికి మూడో స్థానం వచ్చింది. సీటు వచ్చింది. జయలక్ష్మి గేటు దగ్గరే గంతులు వేసింది. బస్సులో తిరిగి వస్తుంటే పిల్ల నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. "నువ్వెందుకు నాకంటే ముందు పలికావు?" అని అడిగింది. తిరుపతమ్మ దాని జుట్టు సర్దింది.

తర్వాత తెనాలి తీసుకెళ్లి గొంతు డాక్టరుకి చూపించాం. లోపల లైటు వేసి చూశాడు, ఫోటో తీశాడు. "అంతా బాగానే ఉందండి. ఎందుకు రావట్లేదో నాకూ తెలియట్లేదు," అన్నాడు. మందులు వాడినా మాట రాలేదు. ఆవిడ మాత్రం పనికి ఒక్కరోజు మానలేదు.

నాకు మాత్రం ఇక్కడ ప్రాణం పోతోంది. ఆ చెట్ల కింద ఎవరున్నారు? ఏం మాట్లాడింది? నోటితో చెప్పలేదు, రాయడం రాదు. బడి గడప తొక్కింది వంటకే కాని చదువుకి కాదు. సైగలతో అడిగితే చూపు తిప్పుకునేది. ఆఖరికి నేనే పలక కొనిచ్చాను. వేసవి సెలవుల్లో హాసిని పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించింది. జూన్‌లో అది బాపట్ల హాస్టల్లో చేరాక కూడా, సెలవు దొరికి ఇంటికి వచ్చినప్పుడల్లా నేర్పేది. నేను మధ్యలో వెళ్లి ఎంతదాకా వచ్చిందో చూసొచ్చేదాన్ని. గుణింతాలు అయ్యాయా, ఒత్తులు వచ్చాయా అని. ఆ పిల్ల నవ్వేది. "మామ్మా, పరీక్ష నాయనమ్మకా నీకా?"

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం వాళ్ల ఇంటికి వెళ్లాను. తిరుపతమ్మ పలక ముందు పెట్టుకుని ఉంది. హాసిని లోపల టీ పెడుతోంది. నేను నెమ్మదిగా అడిగాను. "ఆ రోజు ఎవరే?"

ఈసారి చూపు తిప్పుకోలేదు. బలపం పట్టుకుని ఒక్కో అక్షరమే పేరుస్తూ రాసింది.

బిందు. పెద్దదయింది. నా అంత ఉంది. నా గొంతే వచ్చింది దానికి.

తల ఎత్తున గాలిలో నిమిరిన చెయ్యి కళ్ల ముందు కనిపించింది. అయినా అడగకుండా ఉండలేకపోయాను. "హాసినిని ఎందుకు పిలిచింది?"

చెంగుతో పలక తుడిచి రాసింది. ఒక్కతే ఉంది. తోడు కావాలంట.

"మరి నువ్వేమన్నావు?"

మళ్లీ తుడిచింది. చాలాసేపు రాసింది.

నేనొస్తానన్నా. హాసిని చదువు అయ్యేదాకా ఆగమన్నా. సరేనంది.

హాసిని టీ గ్లాసులు పట్టుకుని మా వెనకే నిలబడి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. అది చదివేసింది. రెండోసారి కూడా చదివింది. గ్లాసులు కింద పెట్టి, నాయనమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని, వేళ్లు విప్పింది. ఎంత కష్టమైన లెక్కకీ అది వేళ్లు విప్పగా నేను ఎన్నడూ చూడలేదు.

"ఇంటరుకి ఇంకా నాలుగేళ్లు. డిగ్రీకి మూడు. తర్వాత ఇంకోటి, రెండేళ్లు. తర్వాత రిసెర్చి అని ఉంటుందంట, జయలక్ష్మి మేడం చెప్పారు, దానికి ఎన్నేళ్లయినా పడుతుందంట. అదయ్యాక మళ్లీ ఇంకో చదువు పడతా. ఒకటి అవ్వకముందే ఇంకోటి. నా చదువు అవ్వనివ్వను నాయనమ్మా. చచ్చినా అవ్వనివ్వను."

తిరుపతమ్మ మనవరాలి వేళ్ల వంక చూసింది. ఆ తర్వాత దాని భుజం మీదుగా, తెరిచి ఉన్న పెరటి తలుపు వైపు చూసింది. అక్కడెవరూ లేరు. ఎండ, దండెం మీద వల, అంతే. కానీ ఇది నీకు సమ్మతమేనా అని అడుగుతున్నట్టు, ఆవిడ చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది.